లైన్లో ఉండండి

ఆపరేటరమ్మ ఇక లేరని వాళ్ల అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. గద్వాలలో నేను కాలేజీకి బయల్దేరుతూ గడపలో చెప్పులు వేసుకుంటున్నాను. "అమ్మ పోయిందన్నా. తెల్లారంగ ఊపిరి ఆడలే" అంది. ఫోను పెట్టేయడానికీ మనసు రాక ఇద్దరం అట్లాగే ఉండిపోయాం. చివరికి నేనే పెట్టేశాను. పెట్టేశాక గుర్తొచ్చింది, ఆమె ఉండుంటే అట్లా చేసేవారు కాదు. అవతలివాళ్లు పెట్టేదాకా తాను ఫోను పెట్టడం ఆమెకు అలవాటు లేదు.

ఆమె వనపర్తి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరయ్యారు. ట్రంకు కాల్ బుక్ చేసి గంటలు గంటలు కూర్చునే కాలం నుంచి ప్రతి చేతిలో ఒక ఫోను ఉండే కాలం దాకా ఆ కుర్చీలోనే చూశారు. రంధ్రాల్లో తీగలు గుచ్చి లైన్లు కలిపే ఆ బోర్డు పోయింది, ఆ కుర్చీ పోయింది, అసలు ఆ ఉద్యోగమే లోకంలో లేకుండా పోయింది. పేరు మాత్రం పోలేదు. కూరగాయలమ్మే ఆమె దగ్గర్నుంచి బ్యాంకు మేనేజరు దాకా ఆమెను ఆపరేటరమ్మ అనే పిలిచేవారు. నేను వనపర్తిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేటప్పుడు వాళ్ల మేడమీద గదిలో అద్దెకున్నాను. మా చుట్టరికం అక్కడ మొదలైంది. గద్వాలకు మారాక కూడా అది తెగలేదు, ఒక వెబ్‌సైటు పుణ్యమా అని.

ఆ వెబ్‌సైటు సంగతి చెప్పకుండా ఆమె సంగతి చెప్పలేను. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల వాళ్లు తమకు తెలియనిది అడగడానికి, తెలిసినవాళ్లు జవాబు చెప్పడానికి దాన్ని పెట్టాను. అప్పట్లో నాకు ఓపిక ఉండేది, వెంట్రుకలూ ఉండేవి. ఊళ్లలో అందరికీ ఫోన్లు వచ్చాయి కదా, ఎవరి సందేహం వాళ్లు రాస్తారు, ఎవరో ఒకరు చెప్తారు, లోకం బాగుపడుతుంది అనుకున్నాను. ప్రశ్నలైతే వచ్చాయి. వరదలా వచ్చాయి. పత్తికి పట్టిన పురుగు, పాస్‌బుక్కులో తప్పు పడిన పేరు, ఎండిన బోరు, పాలివ్వని బర్రె, ఆగిపోయిన పింఛను, అన్నీ ఒకదాని మీద ఒకటి పడి కిందివి కనిపించకుండా పోయాయి. చెప్పగలిగినవాళ్లకు తమ ప్రశ్న ఎక్కడుందో తెలియదు, అడిగినవాళ్లకు చెప్పేవాళ్లు ఎక్కడున్నారో తెలియదు.

దానికి మందు ట్యాగులు. ట్యాగు అంటే ప్రశ్న కింద తగిలించే చిన్న మాట. ఆ మాట నొక్కితే అలాంటి ప్రశ్నలన్నీ ఒకచోటికి వస్తాయి. ఆ మాటను తమదిగా ఎంచుకున్నవాళ్లుంటే, కొత్త ప్రశ్న రాగానే వాళ్ల ఫోనుకు కబురు పోతుంది. ట్యాగు లేని ప్రశ్న ఉన్నా లేనట్టే, ఎవరికీ కబురు పోదు. నేను పుస్తకాలు చదివినవాణ్ని కాబట్టి వ్యవసాయం, పశుసంవర్ధకం, రెవెన్యూ, ఇతరములు అని నాలుగు ట్యాగులు పెట్టి చేతులు దులుపుకున్నాను. జనం అన్నింటికీ వ్యవసాయం అని తగిలించి పోయేవారు.

ఒక ఆదివారం వనపర్తి వెళ్లినప్పుడు ఆమెకు దీన్ని చూపించాను. మూత ఉన్న స్టీలు గ్లాసులో చక్కెర లేని చాయ్ పోసుకుని, కళ్లద్దాలు ముక్కు కొసకు జార్చుకుని చాలాసేపు చూశారు.

"ఏంది నాయనా, అన్నిటికీ వ్యవసాయం అనే ఉన్నది?"

"అంటే అమ్మా, అవన్నీ వ్యవసాయం ప్రశ్నలే కదా."

"మన ఊర్లల్ల వ్యవసాయం గానిదేముంది? గోడ మీద గోడ అని రాసినట్టున్నది" అని నవ్వారు. ఆ తర్వాత నవ్వు ఆపి, "గీ ప్రశ్న ఎవరికి పోవాలె?" అని అడిగారు. "అడిగెటోని దిక్కెల్లి చూస్తున్నవు నువ్వు. చెప్పెటోని దిక్కెల్లి చూడు. ఎవరికి కలపాలెనో తెల్వకుంటే ఏ రంధ్రంల పెడ్తవ్ తీగ?"

ఆ రోజు నుంచి ట్యాగుల పని ఆమెదైంది. నేను ఇవ్వలేదు, ఆమే తీసుకున్నారు. పొద్దున పూజ అయ్యాక, మధ్యాహ్నం కునుకు తీశాక, టీవీలో సీరియల్ మొదలయ్యే లోపు, వచ్చిన ప్రతి ప్రశ్నా చదివి దానికి దారి చూపేవారు. వ్యవసాయం అనే ట్యాగును నిర్దాక్షిణ్యంగా తీసేశారు. దాని చోట ఎర్రనేల, నల్లరేగడి, కాల్వ నీళ్లు, ఎండిన బోరు, నారుమడి వచ్చాయి. శ్రీరంగాపూర్ నుంచి ఒకాయన చేపపిల్లల గురించి అడిగితే చేపల చెరువు అని కొత్తది పెట్టి, దాన్ని ఎంచుకునే మనిషి కోసం తనకు తెలిసిన ఊళ్లన్నింటికీ ఫోన్లు చేశారు. మనిషి దొరికాకే ఆమెకు అన్నం సయించింది.

కొందరు అత్యాశపరులుంటారు, ఒక్క ప్రశ్నకు ఉన్న ట్యాగులన్నీ తగిలిస్తారు. ఆమెకు ఒళ్లు మండేది. "ఒక్క కాల్‌కు ఊరందరి ఫోన్లు మోగిస్తమా? రేపు నిజంగ మోగితే ఎవడన్న ఎత్తుతడా?" అంటూ మూడే ఉంచి మిగతావి పీకేసేవారు. ఎందుకు పీకారో అడిగినవాళ్లకు రాసి చెప్పేవారు, అదీ మర్యాదగా. నాకైతే అంత సహనం ఏనాడూ లేదు.

పల్లీల దగ్గర పెద్ద పంచాయితీ అయింది. ఆఫీసు కాగితాల్లో వేరుశనగ, మా వైపు పల్లికాయ, రాయచూరు పక్క ఊళ్లలో శేంగ, తుంగభద్ర ఒడ్డున బుడ్డలు. నాలుగు మాటలకూ నాలుగు ట్యాగులై, ఒకే తెగులుకు నాలుగు చోట్ల నాలుగు రకాల జవాబులు పోగయ్యాయి. అన్నింటినీ ఒక ముడి వేసి, ఏ మాట నొక్కినా ఒకే చోటికి వచ్చేట్టు చేయమని నాకు చెప్పారు. చేశాను. పైన కనిపించే మాట పల్లికాయ అని ఉండేసరికి రాజోలి నుంచి ఒక రైతు అలిగాడు. పల్లీల గురించి ఎవరేం అడిగినా ఓపిగ్గా చెప్పే మనిషి ఆయన.

"మా నోట్ల బుడ్డలే ఉన్నయమ్మా, మేమేం తప్పు జేసినం?" అని ఫోన్ చేశాడట.

"నువ్వు బుడ్డలనే రాయి నాయనా, నీకే వస్తది. బోర్డు మీద పేరు ఏదైతే ఏంది, లైను కలిసెనా లేదా?" అన్నారట ఈమె. ఆయన కాసేపు గొణిగి, ఆ పూటే నాలుగు ప్రశ్నలకు జవాబులు రాశాడు.

ఇట్లా రాస్తుంటే ఆమె ఎన్నడూ పొరపాటు చేయని మనిషి అనిపిస్తుందేమో. చేశారు. ఆ పొరపాటును ఆమె ఎన్నడూ దాచుకోలేదు కాబట్టి నేనూ దాచను.

అర్జెంటు అనే ట్యాగు ఆమెకు అస్సలు గిట్టేది కాదు. ట్రంకు కాల్స్ రోజుల్లో మామూలు కాల్, అర్జెంటు కాల్ అని ఉండేవి కదా, చివరికి అందరూ అర్జెంటే బుక్ చేస్తే మామూలు కాలే ముందు కలిసేదని నవ్వుతూ చెప్పేవారు. సైటులో కూడా అంతే. పెళ్లి ముహూర్తం అడిగేవాడూ అర్జెంటే, ఫోన్‌లో పాటలు ఎలా ఎక్కించాలని అడిగేవాడూ అర్జెంటే. అందుకని ఆ ట్యాగు కనపడితే చాలు తీసేసేవారు. ధరూర్ దగ్గరి ఊరి నుంచి ఒక రైతు, బర్రె లేత జొన్నచేలో పడి మేసిందని, నురగ కక్కుతోందని, కాళ్లు కొట్టుకుంటోందని రాశాడు. కింద అర్జెంటు అని ఒక్కటే ట్యాగు. ఆమె అలవాటు ప్రకారం దాన్ని తీసేసి, బర్రెలు, జొన్న అని పెట్టి తరువాతి ప్రశ్నకు వెళ్లిపోయారు. పశువుల డాక్టరు సారు ఒకాయన ఆ ట్యాగులు చూసుకునేవారు. ఆయన ఫోను తీసి చూసేసరికి పొద్దుగూకింది. బర్రె మధ్యాహ్నమే చచ్చిపోయింది.

మరునాడు ఆమె వనపర్తి నుంచి బస్సెక్కి గద్వాల వచ్చారు. "నన్ను ఆ ఊరికి తోల్కపో" అన్నారు. లేత జొన్న విషం అంత తొందరగా పనిచేస్తే డాక్టరు వెంటనే చూసినా దక్కేదో లేదోనని, మీరు వెళ్లి ఏం చేస్తారని చాలా రకాలుగా చెప్పాను. వినలేదు. షేర్ ఆటోలో ఎరువుల బస్తాల మధ్య ఇరుక్కుని వెళ్లాం.

ఆ ఇంటి ముందు పలుపుతాడు గుంజకు అట్లాగే ఉంది. రైతు భార్య మమ్మల్ని మంచం మీద కూర్చోబెట్టి, లోపలికి వెళ్లి చాయ్ తెచ్చింది. "పాలు లేవమ్మా, ఉత్త డికాషనే" అంది. ఆ మాట ఆమె మామూలుగానే అంది, మమ్మల్ని పొడవాలని కాదు. ఆపరేటరమ్మ ఆ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, కళ్లు పైకెత్తకుండా మొత్తం తాగారు. తాగాక రైతుతో, "నీ ప్రశ్న మీదున్న అర్జెంటు తీసేసింది నేనే నాయనా. డాక్టరుకు ఫోన్ జేసుంటే అయిపోతుండె. చెయ్యలే" అన్నారు.

ఆయన కోప్పడితే బాగుండునని నాకనిపించింది. కోప్పడలేదు. ఆశ్చర్యపోయాడు. "మీరు జూసిండ్రా అమ్మా? అది కంప్యూటర్ అనుకున్న. అవతల మనిషి ఉంటదని తెల్వదు. తెలిసుంటే ఇంత పరేషాన్ గాకపోతుంటి, బర్రె పోయినా."

తిరుగు ఆటోలో ఆమె నాతో అన్నారు. "నేను బోర్డు మీద కూసున్నప్పుడు లైను కలవకుంటే ఏమంటుంటి? లైన్ల ఉండండి అంటుంటి. గంతే. కలిసేది కలవనిది నా చేతుల లేదు. కానీ ఇక్కడొక మనిషున్నదని అవతలోళ్లకు తెలుస్తుండె. నువ్వు నా చేతికి ట్యాగులిచ్చినవు గని గామాట ఇయ్యలే."

అప్పటి నుంచి పద్ధతి మారింది. ప్రశ్న రాగానే ముందు దాని కింద "లైన్లో ఉండండి" అని రాసేవారు. ప్రాణం మీది సంగతైతే నేరుగా తెలిసినవాళ్లకు ఫోన్ కొట్టేవారు. ఆ తర్వాతే, ఎవరికి కలపాలో తేల్చుకుని, ట్యాగు పెట్టేవారు. అర్జెంటు ట్యాగును మళ్లీ ఎన్నడూ తీయలేదు, చదవకుండా ఏదీ వదల్లేదు. అది చాకిరీ అని నేను సణిగాను, ఇన్ని వందల ప్రశ్నలకు అదే ముక్క మళ్లీ మళ్లీ ఎందుకు, యంత్రం చేత రాయిస్తానన్నాను. "యంత్రం రాస్తే మనిషున్నట్టు ఎట్లయితది నాయనా?" అన్నారు. ఆమె వేలితో ఒక్కొక్క అక్షరం కొట్టడం నేను చూసేవాణ్ని. చూపుడువేలు ఒక్కటే వాడేవారు. ఇయర్‌ఫోన్లు కూడా ఒక్క చెవికే పెట్టుకునేవారు, రెండో చెవి గదిలోని మనుషులకని.

చివరి ఏడాది ఆమెకు ఆయాసం ఎక్కువైంది. మెట్లెక్కడం మానేశారు, గుడికి వెళ్లడం మానేశారు, ట్యాగులు మానలేదు. అదే సమయానికి నాకు విసుగు ముదిరింది. నిజం చెప్తున్నాను, అలసిపోయాను. ప్రతి ఏడాదీ అవే పురుగులు, అవే పాస్‌బుక్కులు, అవే పింఛన్లు. మొదట్లో నాతో ఉన్న మిత్రులు ఒకరి తర్వాత ఒకరు పనుల్లో పడిపోయారు. ఏ జవాబుతో ఎవరి బతుకు మారిందో ఎవరూ వచ్చి చెప్పరు. ఒకసారి ఆమెతో అన్నాను, "మూసేద్దామమ్మా, ఇంక చాలు" అని. ఆమె వాదించలేదు. "నీ ఓపిక నాయనా. గని మనం ముందుగాల పెట్టొద్దు ఫోను" అని మాత్రం అన్నారు. నాకు చిరాకేసింది. అవతలివాళ్లు ఎన్నటికీ పెట్టరు కదా అనుకున్నాను.

దవాఖానలో చూడటానికి వెళ్లినప్పుడు ముక్కుకు గొట్టం ఉంది. మాట్లాడొద్దన్నారు. నా చెయ్యి పట్టుకుని, చూపుడువేలితో నా అరచేతి మీద ఏదో కొట్టారు. ఫోను అడుగుతున్నారని అర్థమైంది. ఇంటికి వెళ్లాక చూసుకుందురు అన్నాను. ఆమె ఇంటికి రాలేదు.

దినాలు అయ్యాక గద్వాల వచ్చేసి, చాలా వారాలు ఆ సైటు ముఖం చూడలేదు. ఒక సెలవు రోజున మూసేద్దామనే కూర్చున్నాను. అందరికీ నమస్కారం, ఇంతకాలం ఆదరించినందుకు కృతజ్ఞతలు అని నాలుగు ముక్కలు రాసి పెట్టుకున్నాను కూడా. మూసే ముందు ట్యాగు లేని ప్రశ్నల పేజీ తెరిచాను. ఒకప్పుడు ఆమె పొద్దున లేచి ఖాళీ చేసే పేజీ అది. ఇప్పుడు కిందికి జరుపుతుంటే ఆగడం లేదు. చెప్పలేనంత దిగులేసింది.

అన్నింటి అడుగున ఒక ప్రశ్న ఉంది. నాగర్‌కర్నూల్ జిల్లాలో నల్లమల అంచున ఉండే ఒక ఆమె, చెంచు కుటుంబమట, రాసింది. "అడవిపందులు మక్కచేను మొత్తం తింటున్నయ్. మా ఆయన చేను సుట్టు కరెంటు తీగ పెడ్తనంటుండు. మొన్న పక్కూర్లె గట్లనే పెడితే ఆ తీగ తలిగి మనిషే పోయిండు. నాకు భయమైతుంది. వేరే ఉపాయం ఏమన్న చెప్పుండ్రి."

దాని కింద ఆపరేటరమ్మ రాసింది ఉంది. "లైన్లో ఉండండి అమ్మా." దవాఖానకు తీసుకెళ్లిన రోజే రాశారు. ట్యాగు పెట్టే లోపు ఆయాసం ముంచుకొచ్చి ఉంటుంది. ట్యాగు లేదు కాబట్టి ఆ ప్రశ్న ఎవరికీ చేరలేదు. అరచేతి మీద వేలితో ఆమె అడిగింది ఇదేనని అప్పుడు నాకు తెలిసింది.

దాని కింద ఆ చెంచు ఆమె మళ్లీ రాసింది. "ఉన్న అమ్మా."

ఇంకొన్ని రోజులకు: "లైన్లనే ఉన్న. తీగ తెచ్చిండు."

ఇంకొన్ని రోజులకు: "మీరు చెప్పేదాంక తీగ పెట్టొద్దన్న. అర్రల వేసి తాళమేసిన. తాళంచెవి నా కొంగుకే ఉంది. పందులు రోజు వస్తున్నయ్ అమ్మా. జల్ది చెప్పు."

అడవిపందులు అని ట్యాగు పెట్టాను. చాలదనిపించి మక్కచేను అని ఇంకోటి పెట్టాను. ఎవరికి పోవాలి ఈ ప్రశ్న అని ఆమె అడిగినట్టే నన్ను నేను అడుక్కున్నాను. చాయ్ పెట్టుకుందామని లేచానో లేదో ఫోన్ మోగింది. రాజోలి బుడ్డల రైతు. అడవిపందుల ట్యాగు కూడా ఆయన ఎంచుకున్నదే.

"సార్, ఆపరేటరమ్మ లేదన్నరు గద? అడవిపందులని కబురొచ్చింది నాకు. ట్యాగు ఎవరు వెట్టిండ్రు?"

"నేనే పెట్టిన" అన్నాను.

"సరే రాసుకో. నేను రాస్త గని ముందుగాల నువ్వు ఫోన్ జేసి చెప్పు ఆమెకు. తీగ అసలుకే వద్దు. పాత చీరలు, రంగురంగులయి, చేను సుట్టు గుంజలకు కట్టుమను, గాలికి ఊగాలె. మంగలి షాపుల నుంచి ఎంట్రుకలు తెచ్చి గట్టెంబడి చల్లుమను. వచ్చే ఏడు అంచుకు ఆముదాలు వేసుకుంటే పందులు దిక్కు జూడవు. మా బుడ్డలను గట్లనే కాపాడుకుంటున్నం" అన్నాడు.

ఆ చెంచు ఆమె ప్రశ్నతోపాటు ఇచ్చిన నంబరుకు చేశాను. కలవలేదు. ఆ అడవి అంచున సిగ్నలు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో ఎవరికి తెలుసు. అందుకని ఆయన చెప్పిందంతా పొల్లుపోకుండా సైటులోనే రాశాను. ఆ రోజంతా ఫోను పక్కనపెట్టుకుని కూర్చున్నాను. మూసేస్తున్నామని రాసిపెట్టుకున్న నాలుగు ముక్కలు అట్లాగే ఉన్నాయి, వాటి మీదికి నా చెయ్యి పోలేదు.

రెండు రోజుల తర్వాత ఒక ఫొటో వచ్చింది. మక్కచేను చుట్టూ వరసగా గుంజలు, గుంజలకు పాత చీరలు. పసుపు, ఆకుపచ్చ, వెలిసిన ఎరుపు, ఒకటి పెళ్లినాటిదేమో జరీ అంచు ఇంకా మెరుస్తోంది. గాలికి అన్నీ ఒకవైపే ఉబ్బి ఉన్నాయి. వెనక అడవి నల్లగా ఉంది. ఒక మూల, చేతిలో తీగ చుట్ట పట్టుకుని, దుకాణంలో వాపసు ఇవ్వడానికి కాబోలు, ముఖం ముడుచుకుని నిలబడ్డ మగమనిషి.

ఆపరేటరమ్మ లేరనీ, జవాబు రాసింది నేననీ ఆ చెంచు ఆమెకు ఇంకా తెలియదు. ఈ నాలుగు మాటలు ఆమె ఎప్పుడైనా చదివితే అప్పుడు తెలుస్తుంది. ఫొటో కింద ఆమె రాసిన మాట మాత్రం నాకు రాసింది కాదు.

"అమ్మా, చూడు" అని రాసింది.